క్యాంపింగ్‌కి తక్కువ ధరలో మడత కత్తి: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్నని కుదించి చెప్తే ఇది: నెలకో రెండు నెలలకో ఒకసారి కొండల్లోకి నడకకి వెళ్తారు, రాత్రి టెంటులో పడుకుంటారు, పెద్దగా ఖర్చుపెట్టే ఉద్దేశం లేదు, జేబులో పట్టే మడత కత్తి ఒకటి కావాలి. దాంతో తాడు కోయాలి, కూరగాయలు తరగాలి, మంట కోసం కర్రలు కూడా చీల్చాలి. రెండు కత్తులు చూసి పెట్టుకున్నారు. మొదటిది నల్లరంగు పూసిన మందపాటి బ్లేడు, సగం అంచుకి రంపపు పళ్లు, పిడి చివర కారు అద్దం పగలగొట్టే మొన, దాని పక్కనే నిప్పురవ్వలు వచ్చే చిన్న కడ్డీ. రెండోది సాదాసీదా లైనర్ లాక్ కత్తి (తెరిచిన బ్లేడు మూసుకోకుండా పిడి లోపలి రేకు అడ్డుపడే రకం), డీ2 అనే రకం స్టీలు. స్టీలు పేర్లు చదివి చదివి తల తిరుగుతోంది, ఏదో ఒకటి తేల్చి చెప్పండి అన్నారు. లాక్‌ల గురించీ, ఆ నిప్పు కడ్డీ గురించీ కూడా అడిగారు.

ఆ రెండిట్లోనే ఒకటి ఎంచుకోవాలంటే రెండోది. నన్నడిగితే మాత్రం రెండూ వద్దు. ఒపినెల్ అనే చెక్క పిడి ఫ్రెంచి మడత కత్తిలో 8వ నంబరు, స్టెయిన్‌లెస్ బ్లేడు ఉన్నది తీసుకోండి. లేదంటే రంపం ఉన్న విక్టోరినాక్స్, అదే ఎర్ర పిడి స్విస్ కత్తి, ఒకటి తీసుకోండి. మిగిలిన డబ్బుతో చిన్న సానరాయి కొనుక్కోండి. కర్రలు చీల్చే పని మాత్రం ఏ మడత కత్తికీ అప్పజెప్పొద్దు, ఎందుకో కింద చెప్తాను.

నేను పదహారేళ్లుగా చిన్న చిన్న గుంపుల్ని ట్రెక్కింగ్‌కి తీసుకెళ్తున్నాను. మొదటి సాయంత్రం టెంట్లు వేశాక ఎవరెవరి దగ్గర ఏ కత్తులున్నాయో తెమ్మని, అందరివీ సానపట్టి ఇవ్వడం నాకో అలవాటు, కొంత అవసరం కోసం, కొంత సరదాకి. అలా నా చేతుల్లోంచి చాలా కత్తులు వెళ్లాయి. వాటిలో నాకు ప్రతిసారీ కనిపించేది ఒకటే. ఖరీదు ఎంతదైనా సరే, ముప్పావు వంతు కత్తులు మొద్దుబారిపోయి ఉంటాయి. నెల జీతంలో మంచి ముక్క పెట్టి కొన్న కత్తితో తాడు కోయలేక రంపంలా రాస్తున్నవాళ్లని చూశాను, పక్కనే తాతగారి కాలం నాటి పల్చటి కత్తితో ఒక్క లాగుకి కోసేసినవాళ్లనీ చూశాను. అందుకే "ఏ స్టీలు" అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది "మీకు సానపట్టడం వచ్చా" అని.

సరే, అసలు కొండ మీద కత్తితో మనం చేసే పని ఏంటో చూడండి. పార్సిల్ కవర్లు చింపడం, టెంటు తాడు కోయడం, కాలికి బొబ్బ లేస్తే అంటించే పట్టీని సైజుకి కత్తిరించడం, ఉల్లిపాయ తరగడం, యాపిల్ కోసుకోవడం, విరిగిపోయిన టెంటు మేకు బదులు ఓ కర్రని చెక్కి మొన తేల్చడం, మంట అంటుకోవడానికి ఎండుపుల్లని పీచుపీచుగా గీరడం. అంతే. వీటిలో ఒక్కదానికీ మందపాటి బ్లేడు అక్కర్లేదు. పైగా మందంగా ఉంటే ప్రతి పనీ కష్టమే. మీరు చూసిన ఆ నల్ల కత్తి బ్లేడు వెన్ను 4 మిల్లీమీటర్లు అని రాశారు, దాంతో ఉల్లిపాయ మీద పెట్టి నొక్కండి, తెగదు, సగం దాకా దిగి టప్పున పగులుతుంది. అంచు ఎంత పదునుగా ఉన్నా వెనకాల వచ్చే మందం మేకులాగా దిగి చీల్చేస్తుంది కాబట్టి. ఒపినెల్ బ్లేడు వెన్ను దగ్గరే 2 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది, అక్కణ్ణుంచి అంచు దాకా సన్నబడుతూ వస్తుంది. అందుకే స్టీలు మామూలుదైనా అంత బాగా తెగుతుంది. కత్తి తెగడంలో స్టీలు పేరు కన్నా బ్లేడు ఆకారానిది పెద్ద వాటా. ప్రకటనల్లో ఈ మాట ఎవరూ రాయరు, ఎందుకంటే స్టీలు పేరు ఒక్క పదంలో రాసేయొచ్చు, పల్చదనాన్ని చేత్తో పట్టుకుని చూస్తే గానీ తెలియదు.

ఒపినెల్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన తయారుచేసిన రైతు కత్తి ఇది. చెక్క పిడి, ఒక బ్లేడు, ఒక పిన్ను. 1955లో మెడ దగ్గర తిరిగే ఉక్కు రింగు చేరింది, బ్లేడు తెరిచాక రింగుని తిప్పితే బ్లేడు మూసుకోదు. లాక్ అంటే అంతే, స్ప్రింగులు లేవు, స్క్రూలు లేవు, పాడవడానికి ఏమీ లేదు. 8వ నంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, మొత్తం బరువు సుమారు 45 గ్రాములు. సంచీలో ఉందో లేదో కూడా తెలియదు. చేతులు పెద్దవైతే 9 చూడండి, 6 మాత్రం వంటకి చిన్నదైపోతుంది.

లోపాలు కూడా చెప్పాలి కదా. చెక్క పిడి నీళ్లు పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఉబ్బితే బ్లేడు పిడిలోంచి బయటికి రాదు. మూడు రోజులు వానలో నడిచిన ట్రిప్‌లో నా దగ్గరున్న చెక్క పిడి కత్తి ఒకటి అలా బిగుసుకుపోతే, గోళ్లు విరగ్గొట్టుకుని చివరికి ఇంకొకళ్ల కత్తి అడుక్కున్నాను. అది జరిగిన చాన్నాళ్లకి తెలిసింది, సవోయ్ వాళ్లకి దీనికో చిట్కా ఉందని: రింగు లాక్ విప్పి, పిడి వెనక కొసని రాయి మీదో చెక్క మీదో ఠక్కున కొడితే బ్లేడు కొంచెం బయటికి వస్తుంది, అప్పుడు వేళ్లతో లాగొచ్చు. కొత్త కత్తి కొన్నాక పిడికి, ముఖ్యంగా బ్లేడు దూరే గాడి లోపల, అవిసె నూనె రెండు మూడుసార్లు పట్టించి ఆరబెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. (ఆ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి, దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టి పారేయండి.) రెండో లోపం, తెరవడానికి రెండు చేతులూ కావాలి. నాకది లోపంలా అనిపించదు. ఒంటి చేత్తో కత్తి తెరవాల్సినంత తొందర పదహారేళ్లలో నాకు రాలేదు.

ఒపినెల్‌లో కార్బన్ స్టీలుదీ ఉంటుంది, స్టెయిన్‌లెస్‌దీ ఉంటుంది. కార్బన్‌ది రాయి మీద హాయిగా పదునెక్కుతుంది, నాకు ఇష్టం కూడా, కానీ నిమ్మకాయ కోసి తుడవకుండా మడిచి పెడితే పొద్దున్నకల్లా మచ్చలు, వాన పడితే తుప్పు. మొదటిసారి కొనేవాళ్లకి స్టెయిన్‌లెస్సే చెప్తాను.

ఇక విక్టోరినాక్స్. అదో ఇదో అంటే ఎందుకంటున్నానో చెప్తాను. మీరు ఎక్కువగా వంట చేసుకుంటారా, కర్ర చెక్కుతారా, అయితే ఒపినెల్. చిన్న చిన్న రిపేర్లు, డబ్బా మూతలు, స్క్రూలు, రంపంతో సన్నటి కొమ్మలు కోయడం లాంటివి ఎక్కువుంటే విక్టోరినాక్స్. స్విస్ సైనికుల కోసం మొదలైన కత్తి, మనందరికీ తెలిసిన ఆ ఎర్ర పిడి ఆఫీసర్ కత్తికి 1897లో రిజిస్ట్రేషన్ అయింది. అన్నీ ఉన్న లావుపాటి మోడల్ కొనకండి, జేబులో ఇటుకలా ఉంటుంది, వాటిలో సగం పనిముట్లు ఎప్పటికీ తెరవరు. 91 మిల్లీమీటర్ల సైజులో క్యాంపర్ అనే మోడల్‌లో రంపం ఉంటుంది, హంట్స్‌మన్‌లో రంపంతో పాటు కత్తెర కూడా ఉంటుంది. అల్యూమినియం పిడి ఇష్టమైతే 93 మిల్లీమీటర్ల ఫార్మర్. ఆ రంపం చూడ్డానికి బొమ్మలా ఉంటుంది కానీ బొటనవేలంత మందం కొమ్మని నిమిషంలో కోసేస్తుంది, నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను. కత్తెర విలువ బొబ్బలు లేచినప్పుడు తెలుస్తుంది.

కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ఈ 91, 93 మిల్లీమీటర్ల మోడల్స్‌లో బ్లేడుకి లాక్ ఉండదు. లోపల స్ప్రింగు నొక్కిపెట్టి ఉంచుతుంది, అంతే. కోసేటప్పుడు బలం అంచు మీద పడుతుంది కాబట్టి బ్లేడు ఇంకా తెరుచుకునే వైపే వెళ్తుంది, ప్రమాదం లేదు. గుచ్చినా, ఇరుక్కున్న బ్లేడుని అటూ ఇటూ ఊపి లాగినా మూసుకుంటుంది, మూసుకునే దారిలో మీ వేళ్లుంటాయి. నా కుడి చూపుడు వేలు మీద తెల్లటి గీత ఒకటుంది. లాక్ లేని కత్తితో తోలు బెల్టుకి కన్నం చేద్దామని బ్లేడు మొనతో పొడిచాను, అదే కత్తిలో కన్నాలు చేయడానికి విడిగా సూదిలాంటి పనిముట్టు ఉంది, బద్ధకించి దాన్ని తెరవలేదు. తప్పు కత్తిది కాదు.

లాక్‌ల గురించి మీరు విడిగా అడిగారు కాబట్టి క్లుప్తంగా. మీరు చూసిన రెండోది లైనర్ లాక్. పిడి లోపలి పల్చటి రేకు పక్కకి వంగి బ్లేడు మడమ (పిడి వైపు కొస) వెనక నిలబడుతుంది. ఫ్రేమ్ లాక్‌లో పిడి పక్క భాగమే ఆ పని చేస్తుంది. బ్యాక్ లాక్‌లో పిడి వెన్ను మీద మీట ఉంటుంది, 1960ల్లో బక్ 110తో బాగా పేరొచ్చింది. ఆ కత్తి మంచిదే, కానీ 200 గ్రాముల బరువు, నడకకి ఎవరూ మోయక్కర్లేదు. ఇవి కాక అడ్డంగా ఓ చిన్న కడ్డీ జరిగి లాక్ చేసేది ఒకటుంది. ఒకప్పుడు ఖరీదైన కత్తుల్లోనే ఉండేది, పేటెంటు గడువు తీరాక చవక కత్తుల్లోనూ వస్తోంది. వేళ్లు బ్లేడు దారిలోకి రాకుండానే మూయొచ్చు కాబట్టి నాకు నచ్చుతుంది, ఎడమచేతి వాటం వాళ్లకి మరీ బాగుంటుంది.

ఏ రకం లాక్ అన్నది పెద్ద విషయం కాదు, అది ఎంత సరిగ్గా కూర్చుందన్నదే విషయం. చవక లైనర్ లాక్‌లో రేకు బ్లేడు మడమని అంచునే ముట్టుకుని ఆగిపోతే గట్టిగా పట్టుకున్నప్పుడు జారిపోగలదు. కత్తి చేతికి రాగానే తెరిచి చూడండి. రేకు బ్లేడు వెనక కనీసం పావు వంతు, సగం లోపు దాకా వచ్చి నిలబడాలి. మొత్తం దాటి అవతలి గోడకి ఆనుకుందంటే ఇప్పటికే అరిగినట్టు లెక్క. తర్వాత మందపాటి గ్లవ్ వేసుకుని, వేళ్లు బ్లేడు మూసుకునే దారిలో లేకుండా పిడిని పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వెన్ను మీద అరచేత్తో మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కండి. కదలకూడదు. కొందరు వెన్నుని బల్లకేసి బాదుతారు, అది అక్కర్లేదు, మంచి లాక్ కూడా దాంతో పాడవుతుంది. బ్లేడు పైకీ కిందకీ వదులుగా కదిలితే వెనక్కి పంపేయండి. పక్కలకి కొంచెం ఊగితే మాత్రం పివట్ స్క్రూ (బ్లేడు తిరిగే ఇరుసు దగ్గరది) పావు చుట్టు బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. లాక్ ఎంత మంచిదైనా సరే, మడత కత్తిని లాక్ లేదనుకునే వాడండి.

స్టీలు సంగతికొద్దాం, తల తిరగాల్సిన అవసరం ఏమీ లేదు. మీ బడ్జెట్‌లో కనిపించేవి నాలుగైదే. 8సీఆర్13ఎంఓవీ అనే చైనా స్టీలు, ఏయూఎస్-8 అనే జపాన్ స్టీలు, ఈ రెండూ దాదాపు అన్నదమ్ములు, తుప్పుని బాగానే తట్టుకుంటాయి, మామూలు రాయి మీద తొందరగా పదునెక్కుతాయి, కాస్త తొందరగా మొద్దుబారతాయి. 12సీ27, 14సీ28ఎన్ స్వీడన్ స్టీళ్లు, సన్నటి అంచుని బాగా నిలబెడతాయి. వీటిలో 14సీ28ఎన్ తుప్పుకి ఇంకా బాగా నిలుస్తుంది, మీ బడ్జెట్‌లో ఇది దొరికితే కళ్లుమూసుకుని తీసుకోవచ్చు. డీ2 అసలు అచ్చులూ డైలూ చేసే స్టీలు, క్రోమియం 12 శాతం దాకా ఉన్నా అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా ఉండిపోతుంది కాబట్టి పూర్తి స్టెయిన్‌లెస్‌లా ప్రవర్తించదు. పదును ఎక్కువ రోజులు ఉంటుంది, నిజమే, కానీ పోయాక మళ్లీ తేవడానికి మామూలు రాయి మీద చాలాసేపు కుస్తీ పట్టాలి. మీలాంటి కొత్తవాళ్లకి అది తలనొప్పి. తొందరగా మొద్దుబారి తొందరగా పదునెక్కేదే మీకు మంచిది, సానపట్టడం చేతికి అలవాటవుతుంది.

ఇంకోటి, పేరు ఒకటే అయినా స్టీలుని ఎలా కాల్చి చల్లార్చారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఒక కంపెనీ 8సీఆర్ ఇంకో కంపెనీ డీ2 కన్నా బాగా పనిచేయడం నేను చూశాను. బ్లేడు మీద పేరే రాయకుండా ఉట్టినే "స్టెయిన్‌లెస్ స్టీల్" అనో "సర్జికల్ స్టీల్" అనో రాసి, తెలియని కంపెనీ పేరుతో ఉంటే దూరంగా ఉండండి. విక్టోరినాక్స్ కూడా బ్లేడు మీద స్టీలు పేరు వేయదు కదా అని ఎవరైనా అంటారు, కానీ వాళ్లు దశాబ్దాలుగా దాదాపు అదే రకం స్టీలుని అదే తీరున కాల్చి చల్లార్చుతున్నారు, కాఠిన్యం 56 హెచ్‌ఆర్‌సీ (స్టీలు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు) దగ్గర. మెత్తనే, కానీ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

ఆ మొదటి నల్ల కత్తి మీద ఇంకాస్త కోపం ఉంది, చెప్పేస్తాను. సగం రంపపు పళ్లు వద్దు. పిడికి దగ్గరగా ఉన్న భాగంలోనే మనకి చేతి బలం బాగా అందుతుంది, కర్ర చెక్కాలన్నా పుల్ల గీరాలన్నా అక్కడే పని. సరిగ్గా అక్కడే పళ్లు పెడతారు. తాడుకి బాగుంటాయి అంటారు, పదునుగా ఉన్న సాదా అంచు ట్రెక్కింగ్ తాడుని చక్కగానే కోస్తుంది. పళ్లు మొద్దుబారాక వాటికి విడిగా గుండ్రటి కడ్డీలాంటి సాన కావాలి, ఎవరూ కొనరు, చివరికి సగం బ్లేడు పనికిరాకుండా మిగిలిపోతుంది. నల్ల పూత చవక కత్తుల మీద నాలుగు నెలల్లో గీతలు గీతలుగా లేచిపోతుంది. అద్దం పగలగొట్టే మొన జేబుని చింపుతుంది, అడవిలో అద్దాలు లేవు. స్ప్రింగుతో టక్కున తెరుచుకునే రకాలు చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు, వాటి జోలికి అసలు పోవద్దు.

మొన గురించి కూడా. సూదిలా సన్నగా ఉన్న మొన మొదటి నెలలోనే విరుగుతుంది, ఎందుకంటే ఎంత వద్దన్నా ఎవరో ఒకరు దాంతో డబ్బా మూత లేపుతారు. కాస్త బొద్దుగా కిందికి వాలిన మొన ఉన్నది చూసుకోండి. మా గుంపులో ఒకసారి ఒకాయన గ్యాస్ స్టవ్ మీట ఇరుక్కుంటే కొత్త కత్తి మొనతో తిప్పబోయాడు, మొన ఎగిరి ఎక్కడ పడిందో రాత్రంతా టార్చితో వెతికాం, చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లున్నారని భయం. పొద్దున్న ఆయన బూటు అడుగునే దొరికింది.

ఇక కర్రలు చీల్చడం. వీడియోల్లో చూసుంటారు, దుంగ నిలబెట్టి దాని మీద కత్తి పెట్టి వెన్ను మీద ఇంకో కర్రతో బాదుతారు. మడత కత్తితో ఆ పని చేయకండి. ప్రతి దెబ్బా పోయి పడేది బ్లేడు మీద కాదు, ఆ ఒక్క పిన్ను మీదా లాక్ మీదా. ఒకట్రెండు సార్లు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఊగడం మొదలవుతుంది, ఎప్పుడో చల్లటి చేతులతో వాడుతుండగా లాక్ జారుతుంది. అసలు చాలా క్యాంపుల్లో చీల్చాల్సిన అవసరమే రాదు, చెట్టు మీదే ఎండి విరిగి వేలాడుతున్న వేలెడు లావు కొమ్మలు చేత్తో విరిచినా విరుగుతాయి, వాన పడ్డా లోపల పొడిగా ఉంటాయి. (మంట, కట్టెలు ఏరడం అక్కడ అనుమతిస్తారో లేదో ముందే కనుక్కోండి.) మీకు నిజంగా చీల్చే పనే ఎక్కువుంటే మడత కత్తి కాదు, మడవని కత్తి కొనాలి. స్వీడన్ మోరా కంపెనీ వాళ్ల కంపానియన్ మోడల్ ఉంది, పది సెంటీమీటర్ల బ్లేడు, ప్లాస్టిక్ ఒర, చవకే, ఒరతో కలిపినా పెద్ద బరువుండదు. నాకు ఒక్క కత్తితో అడవిలో ఉండమంటే అదే పట్టుకెళ్తాను. కానీ నడుముకి కత్తి వేలాడేసుకుని బస్సెక్కితే జనం చూసే చూపు వేరు, అందుకే మీ ప్రశ్నకి మడత కత్తే సరైన జవాబు.

సానపట్టడం గురించి ఇంత చెప్పి ఎలాగో చెప్పకపోతే బాగోదు. రెండు వైపులున్న రాయి చాలు, ఒకవైపు 400 గ్రిట్ దగ్గర, ఇంకోవైపు 1000 దగ్గర (గ్రిట్ అంటే రాయి గరుకు లెక్క, అంకె పెరిగేకొద్దీ సన్నం). బ్లేడుని రాయి మీద పడుకోబెట్టి వెన్నుని కొంచెం లేపాలి, ఎంత లేపాలన్న దగ్గరే అందరికీ టెన్షన్. లెక్క తేలికే: బ్లేడు వెడల్పు 2 సెంటీమీటర్లుంటే వెన్ను దాదాపు 7 మిల్లీమీటర్లు లేపితే 20 డిగ్రీలు, 5 మిల్లీమీటర్లు లేపితే 15 డిగ్రీలు. మొదట 20 దగ్గర పట్టుకోండి. కొన్ని నాణేలు దొంతరగా పేర్చి ఆ ఎత్తు కంటికి అలవాటు చేసుకోండి. అంచు మీద స్కెచ్ పెన్నుతో రంగు పూసి రాయి మీద నాలుగుసార్లు రుద్దండి, రంగు సరిగ్గా అంచు కొసన పోతే కోణం కుదిరినట్టు, పైన మాత్రమే పోతే ఇంకాస్త లేపాలి. ఒకవైపే రుద్దుతూ ఉండండి, కాసేపటికి అవతలి వైపు అంచు వెంబడి గోరుకి గరుకుగా సన్నటి తీగలాంటిది తగులుతుంది, దాన్ని బర్ అంటారు. బ్లేడు మొదలు నుంచి కొస దాకా అది తగిలితేనే వైపు మార్చండి. సానపట్టినా పదును రాలేదనేవాళ్లలో చాలామంది ఇది రాకముందే ఆపేసినవాళ్లే. తర్వాత సన్న వైపు అలాగే, ఒత్తిడి తగ్గించుకుంటూ, చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగుతూ ఓ పదిహేనుసార్లు. మొదటి రెండుసార్లు చెత్తగా వస్తుంది, గీతలు పడతాయి. అందుకే చవక కత్తి కొనమంటున్నది కూడా.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్, మడత లోపల ఇసుకా పళ్లరసం ఎండిపోయి ఉంటాయి అది పోవాలి, పూర్తిగా ఆరాక పివట్ దగ్గర ఒక చుక్క ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిల్. చెక్క పిడిని మాత్రం నీళ్లలో నానబెట్టకండి, తడిబట్టతో తుడవండి. వంటనూనె వేయొద్దు, కొన్నాళ్లకి జిగురులా గట్టిపడి కత్తి తెరుచుకోదు.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. పేరున్న కత్తులన్నిటికీ నకిలీలు ఉన్నాయి, ఒకే ఫొటో పెట్టి మరీ తక్కువకి అమ్ముతుంటే అనుమానించండి. చేతికొచ్చాక బ్లేడు మడిచినప్పుడు పిడికి సరిగ్గా మధ్యలో కూర్చుంటుందా, అంచు రెండు వైపులా ఒకే వెడల్పులో ఉందా చూస్తే తయారీ ఎలా ఉందో తెలిసిపోతుంది. ఒపినెల్ బ్లేడు కొంచెం పక్కకి ఉంటే కంగారు పడకండి, చెక్క కాబట్టి అది మామూలే.

చట్టం సంగతి మీరు అడగలేదు కానీ అడగాల్సింది. దేశాన్ని బట్టి నియమాలు చాలా మారతాయి. ఉదాహరణకి బ్రిటన్‌లో కారణం చూపక్కర్లేకుండా జేబులో పెట్టుకోవాలంటే అంచు పొడవు 3 అంగుళాలు మించకూడదు, లాక్ కూడా ఉండకూడదు, అంటే రింగు లాక్ ఉన్న 8వ నంబరు అక్కడ కుదరదు, చిన్న విక్టోరినాక్స్ కుదురుతుంది. మీరు వెళ్లే చోటు నియమం చూసుకున్నాకే ఈ రెండిట్లో ఒకటి తేల్చుకోండి. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులోనే, చేతి సంచీలో మర్చిపోతే తిరిగి రాదు. నేను రెండు పోగొట్టుకున్నాను, రెండోసారైతే సానరాయి కూడా పోయింది.

చివర్లో మీరు అడిగిన ఆ నిప్పు కడ్డీ: పిడికి అతికించిన ఆ చిన్నది పనికొస్తుంది కానీ వేళ్లతో పట్టుకోవడానికే చాలదు, విడిగా వేలెడు పొడవుది ఒకటి కొనుక్కోండి. దాన్ని కత్తి అంచుతో మాత్రం గీకొద్దు, పదును అక్కడికక్కడే పోతుంది. విక్టోరినాక్స్ తీసుకుంటే రంపం వెన్నుకి పదునైన మూల ఉంటుంది, దాంతో గీకితే రవ్వలు బాగా వస్తాయి. ఒపినెల్ వెన్ను మూలలు కాస్త నున్నగా ఉంటే, పిడికి దగ్గరగా రెండు సెంటీమీటర్ల మేర మూల తేలేలా వెన్నుని రాయి మీద నిటారుగా పెట్టి రుద్దుకుంటే అదీ పనిచేస్తుంది. జేబులో ఒక లైటర్ కూడా పెట్టుకోండి, నేనైతే పెట్టుకుంటాను.